ఆషాఢపు గాలి, బెంగుళూరు వాన

ఆషాఢం అడుగు పెట్టిందంటే మన బెంగుళూరు ఇళ్ళలో కిటికీ రెక్కలకు కొక్కేలు వెతుక్కోవలసి వస్తుంది. తీగ మీద ఆరవేసిన పంచె పక్కింటి వారి కొబ్బరిచెట్టుకు జెండా అవుతుంది. దేవుడి గదిలో దీపం నిలవదు. మేడ మీద వడియాలకు కప్పిన పాతచీర రెండు వీధుల అవతల దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. కన్నడ సోదరులు దీనిని 'ఆషాఢద గాళి' అంటారు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాల వారు ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా, ఈ ఒక్క గాలిని మాత్రం కన్నడంలోనే తిట్టుకుంటారు.

ఈ రోజులలో ఆకాశవాణి వార్తల చివర, దినపత్రికలో, చేతిలోని ఫోనులో ఇంచుమించు ఒకటే మాట వినిపిస్తూ ఉంటుంది. దక్షిణ ఒళనాడులో వారమంతా ఆకాశం మేఘావృతమై ఉంటుంది, గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయి, ఒకటి రెండు చోట్ల తేలికపాటి వర్షం పడవచ్చును. ఇంతే. గొడుగు పట్టుకొని బయలుదేరాలా, అక్కరలేదా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు దొరకదు. అందుచేత చాలామంది దీనిని విని నవ్వి ఊరుకుంటారు. మేమూ అలా నవ్విన వారమే. రెండేళ్ళ క్రితం ఒక ఆషాఢపు ఆదివారం తరువాత ఆ నవ్వు మానుకున్నాము. ఆ సంగతి ముందు చెప్పి, తరువాత గాలి మాటకు వస్తాము.

మా వీధిలో తెలుగిళ్ళు తొమ్మిది. ఏటా ఆషాఢంలో ఒక ఆదివారం ఆడవాళ్ళందరూ ఒక ఇంటి మేడ మీద చేరి గోరింటాకు పెట్టుకోవడం ఆనవాయితీ. ఆ ఏడు మా ఇంటి వంతు. వారమంతా పడమటి గాలి విడవకుండా వీస్తున్నది. షామియానా నిలిచేటట్టు లేదు కనుక వద్దనే అనుకున్నాము. తీరా ఆదివారం తెల్లవారేసరికి గాలి ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. ఎండ కాసింది. ఆకు కూడా కదలడం లేదు. అదృష్టం కలిసి వచ్చిందని మురిసిపోయి, పదింటికల్లా నాలుగు వెదురు గడలు తెప్పించి షామియానా కట్టించాము. తాళ్ళను నీళ్ళ తొట్టి గొట్టానికీ, పిట్టగోడ మీది ఇటుకలకూ బిగించాము.

మా అమ్మ పుట్టిల్లు చిత్తూరు వైపు. మేడెక్కి వచ్చి, "గాలి పడిపోయిందిరా, ఉక్కగా కూడా ఉంది. సాయంత్రానికి పెద్ద వాన పట్టుకుంటుంది. కింద హాల్లోనే కూర్చుంటాం లే" అన్నది. మేము ఫోను తీసి, సోమవారం నాడు చదివిన వారం సూచన చూపించి, "తేలికపాటి వర్షమేనమ్మా, అదీ ఒకటి రెండు చోట్ల" అన్నాము. ఆవిడ ఇంకేమీ అనలేదు.

నాలుగు గంటలప్పుడు తూర్పున నల్లబడింది. వారమంతా పడమట నుంచి వీచిన గాలి ఇప్పుడు తూర్పు నుంచి, చల్లగా, ఒక్కసారిగా వచ్చి పడింది. షామియానా పాలు పొంగినట్టు పొంగి లేచింది. తాళ్ళు పట్టుకుందామంటే అక్కడున్న పదిహేనుమంది ఆడవాళ్ళ రెండు చేతులకూ గోరింటాకు. ఒక తాడు తెగింది. వెదురు గడ వచ్చి, పళ్ళేలు తీసుకొని పోతున్న పక్కింటి పన్నెండేళ్ళ అబ్బాయి భుజం మీద పడింది. మెడ కింది ఎముక చిట్లింది. మూడు వారాలు కట్టుతో ఉన్నాడు. బడిలో పరీక్ష ఒకటి పోయింది. వాళ్ళ నాన్నగారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "గాలి కదండీ, మీరేం చేస్తారు" అన్నారు. కాని గాలి లేదనే కదా మేము కట్టించినది! ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లువలె ఉన్నది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఆ రోజు మూడు గంటలకు వాతావరణ శాఖ వారి తాజా హెచ్చరిక ఫోనుకు వచ్చి ఉన్నది. రాబోయే మూడు గంటలలో ఉరుములతో వర్షం, 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలి అని. ఫోను కింద గదిలో చార్జింగు పెట్టి ఉన్నది. మేము మేడ మీద గడలకు మామిడాకులు కడుతున్నాము.

అమ్మకు తెలిసినది మాకెందుకు తెలియలేదన్న పట్టుదలతో, ఆ తరువాత కొంత చదివాము, కొంత తెలిసినవారిని అడిగాము. మేము శాస్త్రజ్ఞులము కాము కాని, తెలిసినంతలో సంగతి ఇది.

బెంగుళూరుకు వచ్చే గాలులు రెండు రకాలు. రెండింటినీ మనం 'గాలి' అనే అంటాము, అక్కడే వచ్చింది చిక్కు. మొదటిది ఆషాఢపు గాలి. ఇది నైరుతి ఋతుపవనమే. ఆఫ్రికా తూర్పు తీరం పక్కగా ఉత్తరానికి వచ్చి, అరేబియా సముద్రం మీదుగా తిరిగి, పడమటి కనుమలు దాటి మన మీదికి వస్తుంది. ఈ గాలికి నేల మీద కంటె కొంత ఎత్తున బలం ఎక్కువ. 1966లో పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ అనే ఇద్దరు వాతావరణ శాస్త్రజ్ఞులు, జూలై నెలలో మన ద్వీపకల్పం మీద సముద్రమట్టానికి సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున ఒక బలమైన పడమటి గాలి ప్రవాహం ఉన్నదని చూపించారు. దాని నడిమి వేగం 40 నుంచి 60 నాట్లు, అంటే గంటకు ఇంచుమించు 75 నుంచి 110 కిలోమీటర్లు. 1969లో ఫిండ్లేటర్ అనే ఆయన అది ఆఫ్రికా దగ్గర నుంచి వచ్చే దారిని గుర్తించారు.

ఇక మన ఊరి సంగతి చూడండి. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ప్రవాహానికీ మన మేడలకూ మధ్య దూరం ఆరువందల మీటర్లు మాత్రమే! మదరాసులోనో నెల్లూరులోనో ఉన్న బంధువులు జూలైలో మన ఇంటికి వచ్చి, "అబ్బ, ఏమి గాలండీ" అని ఆశ్చర్యపోవడంలో వింత లేదు. వారు ఆ నదికి దూరంగా ఉన్నారు, మనం గట్టు మీద ఉన్నాము.

ఇక్కడ ఒక తెలుగువాని పేరు చెప్పకుండా ఉండలేము. ఇదే ఋతువులో ఇదే ఆకాశంలో, ఇంకా పైన 14, 15 కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా ఎదురు దిక్కుగా, తూర్పు నుంచి పడమటికి, మరొక మహావేగపు గాలి ప్రవహిస్తూ ఉంటుంది. దానిని లోకానికి తెలియజేసినవారు పంచేటి కోటేశ్వరంగారు. 1915లో పుట్టిన నెల్లూరు వారు. దీనిని గురించి ఆయన వ్రాసిన వ్యాసం 1958లో 'టెల్లస్' అనే పత్రికలో వచ్చింది. తరువాత ఆయన భారత వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. కింద గాలి తూర్పుకు, పైన గాలి పడమటికి. ఆషాఢమాసంలో మన నెత్తి మీద ఇంత వ్యవహారం జరుగుతూ ఉంటుంది, మనం కింద పంచె కోసం వెతుక్కుంటూ ఉంటాము.

ఈ పడమటి గాలి మోసుకొని వచ్చే నీరంతా ఏమవుతున్నది? చాలా భాగం కనుమలలోనే దిగిపోతుంది. ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం. కనుమ దాటి ఇవతలికి వచ్చేసరికి గాలి మిగులుతుంది, తడి తగ్గుతుంది. పైగా కింద ఒక వేగం, పైన ఒక వేగం, ఎదురు దిక్కులు కావడం చేత మబ్బు నిలువుగా పెరగలేదు. పెరగబోయిన మబ్బును గాలి అడ్డంగా చీల్చివేస్తుంది. అందుచేత గాలి జోరుగా ఉన్న రోజులలో మనకు పడేది తుంపర మాత్రమే. చొక్కా తడుస్తుంది గాని తొట్టి నిండదు. మన ఊళ్ళో జూలై వర్షం సగటున సుమారు 115 మిల్లీమీటర్లు, సెప్టెంబరులో సుమారు 210. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని మన పెద్దలు చెప్పిన సామెత అక్కడి సేద్యానికి సరిపోతుంది. బెంగుళూరులో అసలు వాన చూడాలంటే పుబ్బ, ఉత్తర, హస్త కార్తెల దాకా ఆగాలి. అప్పటికి ఈ గాలి తగ్గి ఉంటుంది మరి.

మా అమ్మ చెప్పినదానికి మర్మం ఇక్కడే ఉన్నది. ఆషాఢ, శ్రావణాలలో కూడా మధ్య మధ్య నాలుగైదు రోజులు ఋతుపవనం అలసిపోయినట్టు నెమ్మదిస్తుంది. ఉత్తర హిందూస్థానంలో ఉండే అల్పపీడన ద్రోణి హిమాలయాల పాదాలకు జరిగిపోయినప్పుడు దేశం నడిమి భాగంలో వానలు ఆగుతాయి. దానిని వారు 'విరామం' అంటారు. విచిత్రమేమంటే, అందరికీ విరామమైన ఆ రోజులలోనే రాయలసీమకూ, తమిళనాడుకూ, మనకూ వానలు హెచ్చుతాయి. గాలి పడిపోతుంది, ఎండ కాస్తుంది, నేల వేడెక్కుతుంది, తడి గాలి నిట్టనిలువుగా లేస్తుంది, చీల్చేవాడు లేడు కనుక మబ్బు కొండవలె పెరుగుతుంది. సాయంత్రానికి ఉరుములతో కూలుతుంది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని అనలేము. గాలి ఆగి, ఎండ కాసి, ఉత్తినే చల్లబడిన సాయంత్రాలు కూడా ఉన్నవి. అయినా గాలి ఆగినంతమాత్రాన సంతోషించరాదు.

ఆ మబ్బు కూలేటప్పుడు వచ్చేదే రెండవ రకం గాలి. వాన నీటితో పాటు పైనున్న చల్లని గాలి ధబాలున నేలమీదికి దిగి, నాలుగు వైపులకూ పరుచుకుంటుంది. కుండెడు నీళ్ళు గచ్చు మీద గుమ్మరిస్తే ఎలా పరుచుకుంటాయో అలా. అందుకే అది ఏ దిక్కు నుంచైనా రావచ్చును. మబ్బు ఏ వైపున ఉంటే ఆ వైపు నుంచి వస్తుంది. ఇది ఒక నిమిషంలో లేచి, పది పదిహేను నిమిషాలలో పోతుంది. వేగం ఒక్కసారిగా కనీసం 30 కిలోమీటర్లు పెరిగి, 40 దాటి, నిమిషమైనా నిలిస్తే దానిని లెక్క ప్రకారం గాలిదుమారంగా వ్రాసుకుంటారు. ఆషాఢపు గాలికి చెట్టు, ఇల్లు, తీగ, మనిషి అన్నీ అలవాటు పడి ఉంటాయి. అది రోజంతా ఒకే దిక్కు నుంచి తోస్తుంది. ఈ రెండవది అలవాటు పడనివ్వదు. వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇటుకకు కట్టిన తాడు ఎందుకు తెగినదో ఈ లెక్క తెలిసిన తరువాత మాకు బోధపడింది.

కోస్తా నుంచి వచ్చిన మన కుటుంబాలలో 'గాలివాన' అనగానే పెద్దలకు తుపాను జ్ఞాపకం వస్తుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసినవారు మన సభ్యుల ఇళ్ళలో ఇంకా ఉన్నారు. దానితో పోలిస్తే బెంగుళూరు గాలి ఏపాటిది అని వారు అనుకోవడం సహజమే. తుపాను రెండు మూడు రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది. ఇక్కడి దుమారానికి అరగంట ముందు తెలిస్తే గొప్ప.

2024 జూన్ 2వ తేదీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదీ ఆదివారమే. ఆ ఒక్క రోజు లెక్కలో 111.1 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకు ముందు జూన్ నెలలో ఒక రోజు వానకు రికార్డు 1891 జూన్ 16 నాటి 101.6 మిల్లీమీటర్లు. నూటముప్పయి మూడేళ్ళ తరువాత అది పోయింది. నగరంలో వందల చెట్లు కూలాయి. మన వీధుల గుల్మొహర్లు, పచ్చ తురాయిలు చూడడానికి ఎంత అందమో వేళ్ళకు అంత బలహీనం. దానికి తోడు, మురుగు కాలువ కోసం ఒకసారి, తీగల కోసం ఇంకొకసారి వేళ్ళు నరికి, మొదలు దాకా సిమెంటు పోస్తున్నాము. చెట్టు ఏ ఆధారంతో నిలబడాలి? వానకు ఆ చెట్ల కింద తలదాచుకోవడమూ, వాటి కింద స్కూటరు నిలపడమూ మనలో చాలామందికి ఉన్న అలవాటే.

ఇక సూచనలలోని మాటల సంగతి. 'ఒకటి రెండు చోట్ల' అనేది తప్పించుకోవడానికి అనే మాట కాదట. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగవ వంతు లేక అంతకు తక్కువ వాటిలో వాన పడుతుందని దాని అర్థం. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా, 'చాలా చోట్ల' అంటే ముప్పాతిక దాకా. 'తేలికపాటి' అంటే 24 గంటలలో 15.5 మిల్లీమీటర్ల లోపు. 'భారీ' అనాలంటే 64.5 చేరాలి. రోజు లెక్క కూడా మన పంచాంగం లెక్క కాదు. ఉదయం 8.30 నుంచి మర్నాటి ఉదయం 8.30 దాకా ఒక రోజు. నిన్న రాత్రి మన ఇంటి ముందు నీళ్ళు నిలిస్తే అది ఈవేళ్టి ఖాతాలో జమ పడుతుంది. లెడ్జరు తెలిసిన వారికి ఈ పద్ధతి ముచ్చటగానే ఉంటుంది.

ప్రాంతం మాట మరీ ముఖ్యం. దక్షిణ ఒళనాడు అనే ఒక్క పేరు కింద ఆ ఆగుంబె కూడా ఉన్నది, ఏడాదికి 500 మిల్లీమీటర్ల లోపే సగటు వాన పడే చళ్ళకెరె కూడా ఉన్నది. ఈ రెండింటికీ ఒకే వాక్యం సరిపోవాలంటే ఆ వాక్యం ఎంత మొహమాటంగా ఉండాలి! మన ఊళ్ళోనే యలహంకలో కుండపోత, జయనగరంలో ఎండ. అందుకని వారం సూచనను వారం పంచాంగంగా మాత్రమే చూడాలి. ఈ వారం తిక్కగా ఉంటుందని తెలుసుకోవడానికి పనికి వస్తుంది, ఆదివారం నాలుగు గంటలకు ఏమవుతుందో తెలుసుకోవడానికి పనికి రాదు. దానికి ఆ పూట వచ్చే మూడు గంటల హెచ్చరికే చూడాలి. వాటిలో పసుపు రంగుకు 'గమనిస్తూ ఉండండి' అనీ, నారింజకు 'సిద్ధంగా ఉండండి' అనీ, ఎరుపుకు 'చర్య తీసుకోండి' అనీ అర్థం. పసుపును ఎవరూ లెక్కచేయరు. మా మేడ మీద ఆ పూట వచ్చినది పసుపే.

యంత్రం లేకుండానే గాలి వేగం చెప్పే ఉపాయం ఒకటి ఉన్నది. 1805లో బ్యూఫోర్ట్ అనే బ్రిటిషు నౌకాధికారి ఓడల కోసం కట్టిన పట్టీని తరువాతివారు నేలకు సరిపెట్టారు. దుమ్ము, కాగితాలు లేస్తే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు. చిన్న చెట్లు మొత్తంగా ఊగితే 38 దాకా. గొడుగు పట్టుకోవడం కష్టమై, తీగలు ఈల వేస్తే 49 దాకా. గాలికి ఎదురు నడవడం ఇబ్బందైతే 61 దాకా. కొమ్మలు విరుగుతుంటే 62 పైన. మా ఇంట్లో పిల్లలు ఇప్పుడు ఇది ఒక ఆటగా నేర్చుకున్నారు. గొడుగు తిరగబడితే "ఆరో నంబరు" అని అరుస్తారు.

గాలిని లెక్క పెట్టడం అనగానే మన ఊరికి సంబంధించిన ఒక పెద్దావిడను తలచుకోవాలి. అన్నా మణిగారు మలయాళీ. 1940లో బెంగుళూరు వచ్చి, ఇక్కడి విజ్ఞాన సంస్థలో సి.వి. రామన్ గారి వద్ద వజ్రాల మీద, కెంపుల మీద పరిశోధన చేశారు. 1948లో వాతావరణ శాఖలో చేరి, విదేశాల నుంచి తెప్పించే పరికరాలను మన దేశంలోనే తయారు చేయించారు. 1976లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత బెంగుళూరులోనే గాలి వేగాన్నీ, ఎండ తీవ్రతనూ కొలిచే పరికరాల కార్ఖానా పెట్టారు. దేశంలో ఎక్కడ ఎంత గాలి వీస్తుందో లెక్కకట్టి ఆవిడ ప్రచురించిన వివరాలు గాలిమరలు పెట్టేవారికి ఎంతో ఉపకరించాయి. మన పంచెలు ఎగరగొట్టే ఆషాఢపు గాలి ఇక్కడితో ఆగదు. చిత్రదుర్గం కొండల మీదా, అనంతపురం వైపు రామగిరి కొండల మీదా మరలు తిప్పి దీపాలు వెలిగిస్తున్నది. అటు వైపు వారు దీనిని మనంతగా తిట్టుకోరేమో.

పక్కింటి అబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. చెయ్యి బాగానే ఉన్నది, క్రికెట్టులో బంతి కూడా వేస్తున్నాడు. ఈ ఏడు గోరింటాకు వంతు వాళ్ళ ఇంటిది. కింద హాలులోనే పెట్టుకోవాలని ముందే అనుకున్నారు, షామియానా మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పూటకు ఫోను చూస్తూ ఉండే పని మేము అడిగి తీసుకున్నాము. మా అమ్మకు మాత్రం ఫోను మీద ఇంకా గురి కుదరలేదు. ఆకు రుబ్బడానికి కూర్చునే ముందు ఒకసారి మేడెక్కి, తీగ మీది చీర ఎటు ఎగురుతున్నదో చూసి వస్తానంటున్నది.